తెల్ల రిపోర్టు

వార్షిక వైద్య పరీక్షల సర్క్యులరు నోటీసు బోర్డు మీదకు ఎక్కిన నాటి నుండి మన కార్యాలయాలలో ఒక చిత్రమైన మార్పు కనిపిస్తుంది. సాయంకాలం నేరుగా ఇళ్ళకు చేరేవారి సంఖ్య పెరుగుతుంది. పదవీ విరమణ విందులు సైతం మజ్జిగతో ముగుస్తాయి. క్యాంటీనులో ఉసిరికాయ రసం, బార్లీ నీరు, కాకరకాయలను గూర్చి గంభీరమైన చర్చలు నడుస్తాయి. పరీక్ష ముగిసి, అన్ని అంకెలూ పరిమితులలోనే ఉన్నవని కాగితం చేతికి అందిన సాయంత్రమే ఈ నిష్ఠ అంతా సడలిపోతుంది. ముప్పై ఏళ్ళుగా ఈ ముచ్చట చూస్తున్నాము, నవ్వుకుంటున్నాము. తర్లగూడలో ఏడు మాసాలు గడిపి వచ్చిన తరువాత మాత్రం ఆ నవ్వు మాకు రావడం లేదు.

మేము వైద్యులము కాము. మీటరు చూచి యంత్రం స్థితిని అంచనా వేయడం వృత్తిగా బ్రతికినవారము. మీటరు చెప్పేది ఏమిటి, చెప్పనిది ఏమిటి అన్న వివేకం ఈ వృత్తి నేర్పే మొదటి పాఠం. అదే వివేకాన్ని మన రక్త పరీక్షల కాగితం మీద ప్రయోగిస్తే ఏమి తెలుస్తుందో సోదర ఉద్యోగులతో పంచుకోవాలన్నదే ఈ వ్యాసం వెనుక ఉన్న ఉద్దేశం. ఇందులో ప్రస్తావించిన సహోద్యోగి అనుమతి తీసుకొనే వ్రాస్తున్నాము. ఆయన పేరు మాత్రం వ్రాయడం లేదు. శిబిరంలో అందరూ "పెద్దన్న" అనేవారు. ఇక్కడా అదే పేరు చాలు.

తర్లగూడ పేరు వినని పాఠకులే ఎక్కువమంది ఉంటారు. హైదరాబాదు నుండి వరంగల్లు, ములుగు, ఏటూరునాగారం మీదుగా సాగే జాతీయ రహదారి ముల్లకట్ట వద్ద గోదావరిని దాటి, వాజేడు మండలం చివర టేకులగూడెం విడిచి ఛత్తీస్‌గఢ్‌లో అడుగు పెడుతుంది. అక్కడ ముందుగా తగిలే ఊరు తర్లగూడ. లోగడ 202 సంఖ్యతో పిలిచిన ఈ రహదారి ఇప్పుడు 163 అయింది. ఊరు కూడా పూర్వం బస్తరు జిల్లాలోనిది, 2007 నుండి బీజాపూరు జిల్లాలోనిది. దాటి వెళితే భద్రకాళి, అక్కడికి దగ్గరలో ఇంద్రావతి గోదావరిలో కలిసే చోటు, ఆ పైన భోపాలపట్నం. సర్కారు కాగితం హిందీలో ఉంటుంది. ఇంటిలో మాట తెలుగు, లేదా కోయ భాష. పెళ్ళి సంబంధాలకు, మిరప చేల పనులకు, ఆసుపత్రికి వారి చూపు ఎప్పుడూ వరంగల్లు వైపే.

రహదారి ప్రక్కన కేబులు, ఊరి అంచున టవరు, దానికి బ్యాటరీల గది: ఇవి మా పని. మార్చిలో వెళ్ళాము. వర్షాకాలం మధ్యలో గోదావరి పొంగి టేకులగూడెం వద్ద రహదారి మునిగినప్పుడు కొన్ని రోజులు ఎటూ కదలలేక శిబిరంలోనే ఉండిపోయాము. మనుషులను దగ్గరగా చూచే అవకాశం అట్టి రోజులలోనే దొరుకుతుంది.

మేము వెళ్ళినది ఇప్పపువ్వు రాలే కాలం. తెల్లవారక ముందే ఆడవారు, పిల్లలు బుట్టలు పట్టుకొని చెట్ల క్రిందికి చేరుతారు. ఏరిన పువ్వును ఎండబెడతారు. కొంత అంగడికి పోతుంది, కొంత ఇంట ఉంటుంది. నానబెట్టి పులియబెట్టిన పువ్వును కుండలో కాచి, ఆవిరిని చల్లార్చి సారా తీస్తారు. పనిముట్లు మట్టివే గాని, పద్ధతి మన పాఠ్యపుస్తకాలలోని కండెన్సరు బొమ్మకు ఏ మాత్రం తీసిపోదు. మొదట దిగినది ఘాటుగా ఉంటుంది. కొద్దిగా నిప్పు మీద చల్లి, భగ్గుమంటే "మంచి సరుకు" అంటారు. పూర్వం ఇంగ్లండులో మద్యాన్ని తుపాకిమందుపై పోసి అంటించి చూచేవారని, "ప్రూఫ్" అన్న మాట అక్కడిదేనని చెబుతారు. ఎక్కడి మానవుడైనా ఒకే విధంగా ఆలోచిస్తాడు గదా అనిపించింది. ఇప్పసారాతోబాటు తాటికల్లు, జీలుగు కల్లు కూడా అక్కడ ఉన్నవి. దేవతకు ధార పోయడం మొదలు పెళ్ళి మాట ఖాయం చేసుకోవడం వరకు ఇవి లేని శుభకార్యం లేదు. వీటిని తప్పు పట్టడం మా ఉద్దేశం కాదు. పండుగనాడు ఆకుదొప్పలో పోసుకునే ఒక గుక్కకూ, ప్రతి సాయంత్రమూ సీసా ముందు కూర్చోవడానికీ ఉన్న వ్యత్యాసం ఆ ఊరి పెద్దలకు మన కన్న బాగా తెలుసు.

అయితే ఒక నమ్మకం మాత్రం అక్కడ బలంగా ఉన్నది. మా శిబిరానికి కట్టెలు తెచ్చే వృద్ధుడు ఒకనాడు పెద్దన్నతో అన్నాడు: "ఇప్పసారాతోని ఏం కాదు బిడ్డా. అది చెట్టు పువ్వు. సీసా మందే మనిషిని తింటది." పెద్దన్న తల ఊపాడు. ఈ మాట అడవిలోనే గాదు, మన కాలనీలలోనూ వేరే రూపంలో వినిపిస్తుంది. "ఖరీదైన సరుకు ఏమీ చేయదు", "బీరు నీళ్ళతో సమానం", "కడుపు నిండా తిని తాగితే కాలేయానికి ఢోకా లేదు" అన్నవి దీని తోబుట్టువులే.

కాలేయానికి సీసా మీది పేరు చదివే శక్తి లేదు. దానికి చేరేది ఎథనాలు అనే ఒకే అణువు. ఇప్పపువ్వు నుండి వచ్చినా, బార్లీ నుండి వచ్చినా, చెరకు మడ్డి నుండి వచ్చినా దాని నిర్మాణం ఒక్కటే. ఇంజనీర్లము గనుక గ్రాములలో లెక్క చూచుకుందాము. మిల్లీలీటర్ల పరిమాణాన్ని మద్యం శాతంతోను, 0.789 సాంద్రతతోను గుణిస్తే సరిపోతుంది. మన దేశంలో విస్కీ, బ్రాందీలు సాధారణంగా 42.8 శాతం. కాబట్టి 180 మిల్లీలీటర్ల క్వార్టరు సీసాలో సుమారు 61 గ్రాముల ఎథనాలు ఉంటుంది. 650 మిల్లీలీటర్ల బీరు 5 శాతమైతే 26 గ్రాములు, ఘాటు రకం 8 శాతమైతే 41 గ్రాములు. ఇప్పసారా శాతం కుండ కుండకూ మారుతుంది. 30 శాతం అనుకుంటే 200 మిల్లీలీటర్ల గ్లాసులో 47 గ్రాములు. "నీళ్ళతో సమానం" అన్న బీరు ఘాటు రకమైతే రెండు సీసాలకు క్వార్టరును దాటిపోతుంది.

తిండి సంగతి కూడా చెప్పవలసి ఉన్నది. మద్యపానం చేసేవారి కాలేయం పోషకాహార లోపం వల్లనే చెడుతుందని ఒకప్పుడు వైద్యులే నమ్మేవారు. చార్లెస్ లీబర్ అనే అమెరికను వైద్యుడు 1960లు, 70లలో జరిపిన పరిశోధనలలో, ఆహారం సక్రమంగా ఉన్నప్పటికీ ఎథనాలు స్వయంగా కాలేయానికి హాని చేస్తుందని నిరూపించారు. మాంసం ముక్క తోడుగా ఉన్నంత మాత్రాన గ్రాములు తగ్గవు.

కాలేయం బరువు ఇంచుమించు కిలోన్నర. ప్రేగుల నుండి వచ్చే రక్తం అంతా ముందుగా దాని గుండానే పోతుంది. అక్కడి ఎంజైములు ఎథనాలును మొదట అసిటాల్డిహైడుగా, తరువాత అసిటేటుగా మారుస్తాయి. మధ్యలో పుట్టే అసిటాల్డిహైడు విషం. గంటకు సుమారు 7 నుండి 10 గ్రాములకు మించి ఈ పని జరగదు, తొందరపెట్టే మార్గమూ లేదు. క్వార్టరు సీసా పని పూర్తి కావడానికి ఆరు నుండి తొమ్మిది గంటలు కావాలి. పెద్దన్న రోజూ క్వార్టరు మనిషి. పాతికేళ్ళ అలవాటు. ఒక వర్షపు రాత్రి ఈ లెక్క వేసి చూచాము: రోజుకు 61 గ్రాములు, ఏడాదికి 22 కిలోలు, పాతికేళ్ళకు అర టన్నుకు పైగా. కిలోన్నర యంత్రం గుండా అర టన్ను సరుకు.

ఇంతకూ పెద్దన్న ఎట్టి మనిషి? కేబులు జాయింటు వేయడంలో ఆ సర్కిలులో ఆయనకు సాటి లేదు. తాగి డ్యూటీకి వచ్చిన దాఖలా లేదు. ఎవరితో పరుషంగా మాట్లాడిన సందర్భం లేదు. ఇద్దరు కుమార్తెల పెళ్ళిళ్ళు చేశాడు. "తాగుబోతు" అన్న మాట వినగానే మన మనస్సులో మెదిలే బొమ్మకు ఆయనకు ఏ పోలికా లేదు. కాలేయ వ్యాధి ఆ బొమ్మ కోసం ఎదురు చూడదు.

సెప్టెంబరులో వైద్య పరీక్షలకు కబురు వచ్చింది. ఆ సాయంత్రం నుండి పెద్దన్న సీసా ముట్టలేదు.

"పరీక్ష ఉన్నదనే గదా అన్నా ఈ మానడం?" అని అడిగాము.

"అవును సార్. ఇరవై రోజులు బంద్. ఐదేండ్ల సంది గిట్లనే చేస్తున్న. ఒక్కసారన్న రిపోర్టుల ఎర్ర గీత పడ్డదా, మీరే చూడుండ్రి" అని ప్లాస్టిక్ కవరులో భద్రంగా పెట్టుకున్న గత నాలుగేళ్ళ కాగితాలు మా ముందు పెట్టాడు. గర్వంగానే పెట్టాడు. తాను కనుగొన్న ఉపాయం ఎన్నడూ విఫలం కాలేదని ఆయన విశ్వాసం.

మానిన రెండవనాటికి ఆయనకు చేతులు వణికాయి, చెమటలు పట్టాయి, రాత్రి నిద్ర పట్టలేదు. బస్తరు మలేరియాకు పేరుబడ్డ ప్రాంతం గనుక శిబిరంలో అందరూ మలేరియా అన్నారు. రక్తంలో మలేరియా లేదు. మూడు నాలుగు రోజులలో సర్దుకున్నది. ఇది జ్వరం కాదని, నిత్యం ఎక్కువగా తాగేవారు ఒక్కసారిగా ఆపినప్పుడు శరీరం చూపే ప్రతిక్రియ అని మాకు తరువాత వరంగల్లులో వైద్యురాలు వివరించింది. కొందరికి ఫిట్సు, మతిభ్రమ కలిగి ప్రాణం మీదకు రావచ్చు. వైద్యుని పర్యవేక్షణలో మందుల సహాయంతో మానితే ఈ ప్రమాదం తప్పుతుంది. పరీక్ష కోసం గుట్టుగా మానేసే మన మిత్రులకు ఈ సంగతి తెలియాలి. తెల్లని రిపోర్టు కోసం చేసే ఈ సాహసం ఏటా జరుగుతున్నది.

ఆ ఏడాది రిపోర్టు కూడా వచ్చింది. కాలేయ పరీక్ష పట్టికలో ఏ అంకె ప్రక్కనా గుర్తు లేదు. రక్తకణాల పట్టికలో ప్లేట్‌లెట్లు 1.35 లక్షలు, కనీస పరిమితి 1.50 లక్షలు. "ఈ మధ్య జ్వరం ఏదో వచ్చి ఉంటుంది" అని శిబిరంలోని వారు అనడంతో ఆ ఒక్క గుర్తుకూ సమాధానం దొరికిపోయింది.

ఇక్కడ మన బ్యాటరీల గదికి వెళదాము. 24 సెల్లుల వరుస ఫ్లోటు మీద ఉన్నప్పుడు మీటరు 54 వోల్టులు చూపుతుంది. కొత్త బ్యాటరీకీ అంతే, సామర్థ్యంలో సగం పోయిన బ్యాటరీకీ ఇంచుమించు అంతే. కరెంటు పోయిన రాత్రి గాని తేడా తెలియదు. అందుకే మనము డిశ్చార్జి పరీక్ష చేస్తాము, ప్రతి సెల్లు రీడింగునూ గత ఏడాది దానితో సరిపోలుస్తాము. కాలేయం కూడా భారీ నిల్వ సామర్థ్యంతో నిర్మించిన యంత్రం. చాలా భాగం దెబ్బ తినే వరకు అది తన పని తాను చేస్తూనే ఉంటుంది, నొప్పి చెప్పదు.

మన కాగితంలో కనిపించే ఎ.ఎస్.టి., ఎ.ఎల్.టి. అన్న రెండు అంకెలను పాతవారు ఎస్.జి.ఓ.టి., ఎస్.జి.పి.టి. అంటారు. ఇవి కాలేయ కణాలు దెబ్బ తిన్నప్పుడు రక్తంలోకి కారే ఎంజైములు. మొదటిదానిని 1954లో వైద్యులు పట్టుకున్నది గుండెపోటును గుర్తించడానికి. అది కండరాలలోను, గుండెలోను కూడా ఉంటుంది. రెండవది ప్రధానంగా కాలేయానిది. ఈ అంకెలు "ప్రస్తుతం ఎన్ని కణాలు దెబ్బ తింటున్నవి" అన్న ప్రశ్నకు జవాబు, "ఇంతవరకు ఎంత దెబ్బ తిన్నది" అన్న దానికి కాదు. తాగడం ఆపితే కొద్ది వారాలలో ఇవి దిగివస్తాయి. కాలేయం బాగుగా మచ్చలు పడి గట్టిపడిన తరువాత కూడా ఇవి సాధారణ పరిమితిలోనే ఉండవచ్చు. జి.జి.టి. అనే మరొక ఎంజైము మద్యపానానికి త్వరగా స్పందిస్తుంది. అది కూడా రెండు మూడు వారాలకు సగం చొప్పున తగ్గుతుంది. పెద్దన్న ఇరవై రోజుల లెక్క ఎవరు నేర్పారో గాని, శాస్త్రం ప్రకారం సరిగ్గానే కుదిరింది.

దాగని అంకెలు కొన్ని ఉన్నవి. ఎర్ర రక్తకణాల సగటు పరిమాణం ఎం.సి.వి. అధిక మద్యపానంతో పెరుగుతుంది. ఆ కణాల ఆయుర్దాయం సుమారు 120 రోజులు గనుక ఇరవై రోజుల ఉపవాసానికి అది లొంగదు. పెద్దన్నకు 102, గరిష్ఠ పరిమితి 100. ప్లేట్‌లెట్లు మరొకటి. కాలేయం గట్టిపడితే దాని గుండా పోవలసిన రక్తానికి అడ్డు ఏర్పడి వెనుక పీడనం పెరుగుతుంది, ప్లీహం ఉబ్బి ప్లేట్‌లెట్లను తనలో నిలుపుకుంటుంది. గొట్టం ముందు మూసుకుపోతే వెనుక పొంగడం ఏ జలయంత్ర శాస్త్ర విద్యార్థినడిగినా చెబుతాడు.

ఆ రాత్రి పెద్దన్న ఐదు కాగితాలూ వరుసగా పరచి, బ్యాటరీ సెల్లుల రీడింగులు గుర్తించే గళ్ళ కాగితం మీద ప్లేట్‌లెట్లు గుర్తించాము. లక్షలలో 2.10, 1.96, 1.78, 1.55, 1.35. ఏ ఏడాదికా ఏడాది చూచిన వైద్యునికి మొదటి నాలుగింటిలో తప్పు పట్టవలసినది ఏమీ లేదు. ఐదూ కలిపితే పాలకుండ జారినట్లు ఒకే వాలు. ఏ సెల్లు వోల్టేజి ఇట్లా జారినా, పరిమితి దాటే వరకు ఆగకుండా మార్పించి ఉండేవారము.

మా సహాధ్యాయి కుమార్తె వరంగల్లులో వైద్యురాలు. మరునాడు సిగ్నలు దొరికిన చోట నిలబడి అంకెలు చదివి వినిపించాము. "అంకుల్, వయస్సు ఎంత?" అని అడిగి, ఒక సూత్రం చెప్పి మమ్మల్నే లెక్క కట్టమన్నది. దాని పేరు ఫిబ్-4, 2006లో రూపొందింది. వయస్సును ఎ.ఎస్.టి.తో గుణించాలి. వచ్చినదానిని, వేలలో చెప్పిన ప్లేట్‌లెట్ల సంఖ్యను ఎ.ఎల్.టి. వర్గమూలంతో గుణించిన మొత్తంతో భాగించాలి. 1.3కు లోపల ఉంటే కాలేయంలో తీవ్రమైన మచ్చలకు అవకాశం తక్కువ. 2.67 దాటితే అనుమానించి తీరాలి. పెద్దన్న వయస్సు 54, ఎ.ఎస్.టి. 38, ఎ.ఎల్.టి. 25, ప్లేట్‌లెట్లు 135 వేలు. పైన 2052, క్రింద 675. జవాబు 3.04. ఐదేళ్ళ క్రిందటి అంకెలతో కడితే 1.35. "ఎ.ఎల్.టి. కన్న ఎ.ఎస్.టి. ఎక్కువగా ఉండడమూ మంచి గుర్తు కాదు అంకుల్, ఆయనను వెంటనే తీసుకురండి" అన్నది.

ఇది జల్లెడ మాత్రమే, తీర్పు కాదు. 35 ఏళ్ళ లోపువారికి, 65 దాటినవారికి ఇది సరిగా పనిచేయదు. నిన్న మొన్న అతిగా తాగినవారికి ఎ.ఎస్.టి. పెరిగి జవాబు తప్పుగా ఎక్కువ రావచ్చు. అయినా ఏ ఖర్చూ లేకుండా, ఉన్న కాగితం నుండే రాబట్టగల అంకె ఇది. పాఠకులలో కాలిక్యులేటరు లేనివారు ఎవరు?

పెద్దన్నను ఒప్పించడం సూత్రం కట్టినంత సులువు కాలేదు. "రిపోర్టు తెల్లగ ఉన్నంక దవాఖానకు ఎందుకు సార్? లేని రోగం అంటగడ్తరు" అన్నాడు. రెండు రోజులు మాటలాడలేదు. చివరకు ఫోనులో ఆయన భార్య చెప్పిన తరువాత జీపు ఎక్కాడు.

వరంగల్లులో ఆయన కాలేయం గట్టిదనాన్ని కొలిచారు. ఆ యంత్రం పని తీరు మన పాఠకులకు ఇష్టమవుతుంది. ప్రక్కటెముకల మధ్య చర్మంపై చిన్న తట్టు ఇస్తుంది. ఆ తట్టు 50 హెర్ట్జ్‌ల తరంగంగా కాలేయంలోకి పోతుంది. మన కరెంటు పౌనఃపున్యమే గదా! అల్ట్రాసౌండుతో ఆ తరంగ వేగాన్ని కొలుస్తారు. వేగం వర్గాన్ని సాంద్రతతోను, మూడుతోను గుణిస్తే గట్టిదనం వస్తుంది. సెకనుకు ఒక మీటరు వేగమైతే 3 కిలోపాస్కల్లు, రెండు మీటర్లయితే 12. ఆరోగ్యవంతుని కాలేయం సాధారణంగా 5, 6 ప్రాంతంలో ఉంటుంది. పరగడుపున చేయాలి. కాలేయం వాచి ఉంటే కూడా అంకె ఎక్కువ చూపుతుంది. పెద్దన్న మూడు వారాలుగా తాగలేదు, ఎంజైములు తగ్గి ఉన్నవి. అంటే వాపు అన్న సాకు కూడా లేదు. అంకె 21.

"రిపోర్టు మంచిగనే ఉండె గదమ్మా?" అన్నాడు పెద్దన్న.

"రిపోర్టు బాగానే ఉంది పెదనాన్నా. లివరే బాగా లేదు" అన్నది ఆ అమ్మాయి.

ఆ మాటకు ఆయన ఏమీ అనలేదు. చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఎక్కువ సేపు పట్టించుకున్నాడు. తరువాత ఎండోస్కోపీలో అన్నవాహికలోని సిరలు ఉబ్బి ఉన్నట్లు కనుగొన్నారు. అవి పగిలితే రక్తం వాంతి అవుతుంది, గంటలలో ప్రాణం పోవచ్చు. రబ్బరు వలయాలు వేసి వాటిని కట్టివేశారు. వరద రోజులలో, టేకులగూడెం వద్ద రహదారి మునిగి ఉన్నప్పుడు అది జరిగి ఉంటే ఏమయ్యేదో ఆలోచించే ధైర్యం మాకు ఇప్పటికీ లేదు.

నాణేనికి రెండవ వైపు కూడా ఉన్నది. మా జీపు డ్రైవరు మద్యం వాసన కూడా గిట్టని మనిషి. అదే ఏడాది అతనికి ఎ.ఎల్.టి. 78 వచ్చింది. శిబిరంలో గుసగుసలు మొదలైనవి. "దొంగచాటుగా తాగుతాడు" అన్నవారు కూడా ఉన్నారు. తరువాత తెలిసినది ఏమంటే, అతనికి నడుము చుట్టూ కొవ్వు, రక్తంలో చక్కెర. మద్యంతో పని లేకుండానే కాలేయంలో కొవ్వు చేరింది. హెపటైటిస్ బి, సి వైరసులు, కొన్ని మందులు, పసరులు కూడా ఈ అంకెను పెంచగలవు. అంకె నేరస్థుని పేరు చెప్పదు, నేరం జరుగుతున్నదని మాత్రమే చెబుతుంది. ఎ.ఎల్.టి. పెరిగిన సహోద్యోగిని తాగుబోతు అనడం, పెరగని సహోద్యోగిని ఆరోగ్యవంతుడు అనడం రెండూ ఒకే తప్పు. చక్కెర, స్థూలకాయం ఉన్నవారు మద్యం కూడా పుచ్చుకుంటే హాని కలిసి పెరుగుతుంది. స్త్రీలకు తక్కువ మోతాదులోనే ముప్పు వస్తుంది.

పసరు అన్నాము గనుక ఒక మాట. కండ్లు పచ్చబడితే కామెర్ల మందు పోసేవారి వద్దకు పోవడం గోదావరికి ఇరువైపులా ఆచారమే. నేల ఉసిరి పేరు తెలియని తెలుగు ఇల్లు లేదు. హెపటైటిస్ ఎ వంటి కామెర్లు చాలామందికి వాటంతట అవే తగ్గుతాయి, మందు పోసినవారికి పేరు వస్తుంది. మద్యం వల్ల కాలేయం దెబ్బ తిని కండ్లు పచ్చబడినవారి సంగతి వేరు. వారికి ప్రతి రోజూ విలువైనదే. పెద్దన్న బంధువులు కూడా పసరు మందు మాట ఎత్తారు. ఆయనే వద్దన్నాడు.

మద్యపానాన్ని గూర్చి చట్టాలు ఏమి చేయగలవో, చేయలేవో మన తరం చూచింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు సారాకు ఎదురు నిలిచారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ నిషేధం వచ్చి, 1997లో సడలిపోయింది. ఆ రెండేళ్ళూ నది దాటి ఇటు వచ్చినవారి కథలు తర్లగూడ వృద్ధులు నేటికీ చెప్పుకుంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మద్యం పుచ్చుకుంటామని చెప్పిన పురుషులు తెలంగాణలో నూటికి 43 మంది, ఛత్తీస్‌గఢ్‌లో సుమారు 35 మంది. సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించింది. ఇవన్నీ పెద్ద మాటలు. మన చేతిలో ఉన్నది చిన్నది: పాత రిపోర్టులు పారవేయకుండా దాచి, కొత్తదాని ప్రక్కన పెట్టి చూడడం, వైద్యుడు అడిగినప్పుడు ఎంత పుచ్చుకుంటామో నిజం చెప్పడం. మన దరఖాస్తులో "మద్యపానం: ఉన్నది / లేదు" అన్న గడి ఒకటి ఉన్నది. అందులో "లేదు" అని కొట్టివేసే చేతులలో ఎన్ని నిజమైనవో ఆ కాగితం సేకరించే గుమాస్తాకు కూడా తెలుసు. ఉద్యోగానికి, పదోన్నతికి చేటు వస్తుందన్న భయం వారిది. రోగం దాచినందుకు బహుమానం, చెప్పినందుకు అనుమానం దొరికినంత కాలం ఆ గడి అట్లాగే నిండుతుంది. యాజమాన్యం, ఉద్యోగ సంఘాలు కలిసి ఆలోచించవలసిన విషయం ఇది. వైద్యునికి చెప్పినది వైద్యుని వద్దనే ఉంటుందన్న హామీ ఇస్తే సగం పని అయినట్లే.

తొలి దశలో, అనగా కొవ్వు మాత్రమే చేరిన దశలో మానితే కాలేయం కొద్ది వారాలలోనే కోలుకుంటుంది. అధికంగా తాగేవారిలో దాదాపు అందరికీ ఆ దశ వస్తుంది. గట్టిపడే దశకు చేరేది వారిలో నూటికి పది, ఇరవై మంది. ఆ పది ఇరవైలో ఎవరు ఉంటారో ముందుగా చెప్పగల మీటరు లేదు. పెద్దన్న ఆ కోవలోకి పోయాడు. ఆయన మానివేసి రెండు సంవత్సరాలు దాటింది. మొదటి నెల ఆసుపత్రి సహాయంతో గడిచింది, తరువాతిది ఆయన భార్య, చిన్న కుమార్తెల కాపలాతో గడిచిందని ఆయనే చెబుతాడు. ప్లేట్‌లెట్లు 1.48 లక్షలకు వచ్చినవి. గట్టిదనం 21 నుండి 14కు దిగింది. పూర్తిగా పూర్వస్థితి వస్తుందని వైద్యులు చెప్పలేదు. క్యాన్సరు పొంచి ఉండవచ్చు గనుక ఆరు నెలలకు ఒకసారి అల్ట్రాసౌండు తప్పదన్నారు.

మొన్న ఏటూరునాగారం వైపు కేబులు తెగినప్పుడు ఆయనే వచ్చి జాయింటు వేశాడు. పని ముగిశాక తర్లగూడ వరకు వెళ్ళాము. కట్టెల వృద్ధుడు ఆకుదొప్ప అందించబోతే, పెద్దన్న రెండు చేతులూ జోడించి "పెద్దయ్యా, నా కోటా అయిపోయింది, అర టన్ను" అన్నాడు. వృద్ధునికి అర్థం కాలేదు. మంచినీళ్ళు తెప్పించాడు. వచ్చే అల్ట్రాసౌండు తేదీని పెద్దన్న బ్యాటరీ రీడింగుల రిజిస్టరు అట్ట వెనుక వ్రాసుకున్నాడు, క్రింద ఐదేళ్ళ ప్లేట్‌లెట్ల గళ్ళ కాగితం అంటించి ఉన్నది.